బర్గూరుకు వెళ్లిన రెండు ప్రశ్నలు

12 జూన్ 1998, హోసూరు

నన్ను చేసుకుంటానన్న ఆంతోని తన అమ్మకు చెప్పేశాడు. నాకు ముందే పెళ్లయిందని, మూడేళ్ల కిందట బర్గూరులో మొగుణ్ణి వదిలి వచ్చేశానని. కంపెనీ గేటు దగ్గర అతనే నాకు ఈ సంగతి చెప్పాడు.

"ఏమనింది?"

"జపమాల తీసుకొని కూచునింది."

14 జూన్

ఆంతోని అమ్మ ఫిలోమినమ్మ ఇంటికి పిలిచింది. కాఫీ ఇచ్చింది. కోపం లేదు — అదే ఇంకా భయం.

"నీమింద నాకేమీ లేదు సుజాతమ్మా. మాకు పెళ్లంటే దేవుడేసిన ముడి. మనిషి విప్పేకి కాదు. నీ మొగుడు ఆడ బతికే ఉండాడు కదా?"

ఉన్నాడు. గ్రానైట్ పాలిష్ షెడ్డులో. కోర్టు విడాకులు ఇచ్చిందన్నాను.

"కోర్టు కాగితం ఇస్తుంది బిడ్డా. ముడి విప్పదు."

20 జూన్, కృష్ణగిరి

నాయన దగ్గరికి వచ్చాను. పెళ్లి రోజు బుద్ధుడి పటం ముందు నా మొగుడు రాజేంద్ర చేత ఐదు మాటలు చెప్పించింది నాయనే. భార్యను గౌరవిస్తాను. కించపరచను. వేరే స్త్రీ జోలికి పోను. ఇంటి పెత్తనం ఆమెకిస్తాను. ఉన్నంతలో నగానట్రా పెడతాను.

ఆ తర్వాత పదకొండు నెలలు అతను నాతో మాట్లాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు. కంచం పెడితే తిని లేచేవాడు. జ్వరంతో పడుకుని ఉంటే దాటుకుంటూ పనికి పోయాడు.

"మన పెళ్లి ముడి కాదమ్మా, మాట. వాడు దాన్ని ఆడనే ఇడిచిపెట్టినాడు. నువ్వెత్తుకొని మోసేదేల?" నేను బర్గూరు వదిలి బస్సు దిగిన రోజు కూడా నాయన ఇదే అన్నాడు.

మాటే అయితే ఆంతోని కూడా రేపు వదిలేయవచ్చు కదా... రెండో పెళ్లి విప్పలేని ముడి కావాలి నాకు. మొదటిది మాత్రం విప్పాలి. ఇదేం న్యాయం?

21 జూన్, హోసూరు

నేనూ ఆంతోనీ చర్చిలో ఫాదర్‌ను కలిశాం.

"బౌద్ధుల పెళ్లి అయినా మేము కాదనలేమమ్మా. అదీ నిజమైన పెళ్లే."

నా మొదటి పెళ్లిని ఇంతగా గౌరవించినవాళ్లు ఎవరూ లేరు. ఆ గౌరవమే నా దారికి అడ్డం పడింది.

దారి ఒకటే ఉందట. నేను జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, తీసుకోవాలి. దానికి ముందే, బిషప్ అనుమతితో రాజేంద్రకు రెండు ప్రశ్నలు రాస్తారు. నువ్వూ జ్ఞానస్నానం తీసుకుంటావా? లేదంటే, ఆమె నమ్మకానికి అడ్డు రాకుండా శాంతంగా కాపురం చేస్తావా? రెండూ కాదంటే నాకు ఆ పెళ్లి నుంచి విడుదల.

"అవునంటే?"

"ఈ దారి మూసుకుంటుంది."

"జవాబే రాకపోతే?"

"గడువు దాటితే కాదన్నట్టే."

అమ్మయ్య. అతను ఎప్పట్లాగే ఉంటే చాలు.

30 జూన్

ఉత్తరం రిజిస్టర్ పోస్టులో వెళ్లింది. నలభై రోజుల గడువు.

5 జూలై

జ్ఞానస్నానం సంగతి నాయనకు చెప్పాను.

"నీకు నమ్మకముంటే పో. వాని కోసరమైతే వద్దు."

నమ్మకమా, ఆంతోనియా — ఎలా విడదీసి చూడాలి?

19 జూలై

జవాబు లేదు.

26 జూలై

లేదు. ఆంతోని ఈలలు వేస్తున్నాడు. కంపెనీలో చెకింగ్ టేబుల్ దగ్గర నేను రెండు పాడైన పీసులను బాగున్నాయని పాస్ చేశానట. సూపర్‌వైజర్ నా మొహం చూసి తిట్టకుండా వెళ్లిపోయింది.

6 ఆగస్టు

వచ్చింది. గడువుకు మూడు రోజుల ముందు.

ఫాదర్ చదివి వినిపించారు. "జ్ఞానస్నానం గురించి నాకు తెలీదు. ఆమెతో కాపురం చేస్తాను. మాట్లాడేది నేర్చుకుంటా ఉండాను. ఒకసారి ఆమెను చూడాల."

రెండోసారి చదవమన్నాను. ఫాదర్ చదివారు.

"ఇది మనసులోంచి వచ్చిన మాటో కాదో తెలుసుకోవాల. ఆదివారం రమ్మంటాను. నువ్వూ రామ్మా."

7 ఆగస్టు

"వాడు అబద్ధం చెప్తా ఉండాడని ఫాదర్‌తో చెప్పు సుజాతా. అంతే సాలు." ఆంతోని గొంతు మారింది. మొదటిసారి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, నొప్పి పుట్టేలా.

అబద్ధమేనా? నాకు తెలియదు. తెలుసని ఎలా చెప్పను?

9 ఆగస్టు, ఆదివారం

రాజేంద్ర వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. చిక్కిపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"బాగుండావా?"

"బాగుండాను."

ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. చెమటలు. ఫాదర్ తొందరపెట్టలేదు. చివరికి — "జ్వరమొచ్చినప్పుడు... నిన్ను దాటుకొని పోయినాను. అది తప్పు."

నాకు కోపం రావాలి. ఏడుపు వచ్చింది.

ఈ మనిషి మాట నమ్మవచ్చో లేదో వచ్చే ఆదివారం లోపల నన్నే చెప్పమన్నారు ఫాదర్. నమ్మవచ్చంటే ఆంతోని పోతాడు. నమ్మలేనంటే నాకు విడుదల, కానీ అది అబద్ధమైతే...

హాస్టల్‌కు వచ్చి రెండు గంటలైంది. ఆంతోని వచ్చి కింద నిలబడి ఉన్నాడని వార్డెనమ్మ మూడోసారి చెప్పి వెళ్లింది. ఏం జరిగిందని అడుగుతాడు. నేనింకా కిందికి దిగలేదు.