నాగప్ప చదివి వినిపించిన కాగితం

ఎమ్మిగనూరు
1956, కార్తీకమాసం, గురువారం

ఆదోనిలో ఈ పొద్దు కొత్త అద్దాలు ఇచ్చినారు. కంటి ఆపరేషన్ అయినాక ఇన్నాళ్లకు అక్షరం కనిపించింది. ఇంటికి రాగానే పెట్టె తెరిచి, పోయిన ఏడు నేను సంతకం పెట్టిన వీలునామా తీసి చదివినాను. అది వీలునామా కాదు.

సంతకానికి ముందే వకీలు విడమరిచి చెప్పినాడు. "వీలునామా అయితే మీ తదనంతరమే అమలు పంతులమ్మా, బతికినన్నాళ్లూ మార్చుకోవచ్చు. సెటిల్మెంటు రాస్తే ఇల్లు ఆ రోజే చెయ్యి దాటిపోతుంది." వీలునామానే కావాలన్నాను. తమ్ముడు నాగప్ప దస్తావేజులు రాసేవాని దగ్గర రాయించుకొచ్చి చదివి వినిపిస్తే నమ్మి సంతకం పెట్టినాను. రిజిస్ట్రారు అడిగితే అన్నిటికీ అవునన్నాను.

సాయంత్రం నాగప్ప వచ్చినాడు. అద్దాలు కొంగు చాటున పెట్టుకొని, "ఆ కాగితం ఇంకోసారి చదువప్పా" అన్నాను.

"నా తదనంతరం ఈ ఇల్లు నా తమ్మునికి చెందవలెను" అని గడగడా చదివినాడు. కాగితంలో ఉండేది "ఈ దినము నుండియే" అని.

అద్దాలు పెట్టుకొని కాగితానికి చెయ్యి చాపినాను. వాని ముఖం పాలిపోయింది.

"యెట్లైనా నాకే గదక్కా వచ్చేది? నువ్వు మనసు మార్చుకుంటే నేను యాడికి పోవాల?"

మార్చుకోవాలని నేను ఏనాడూ అనుకోలేదు. నా ఎదుట కూర్చొని రెండోసారి కూడా తడబడకుండా అబద్ధం చదివినాడే, అది మింగుడు పడటం లేదు.

రేపు వకీలు దగ్గరికి పోవాల. తమ్ముని మీద దావా వేయమనడానికి నోరు వస్తుందో రాదో... వానికి పలక మీద అక్షరాలు దిద్దించింది నేనే.