రాజమ్మ ఇటుకలు

శనివారం, వాన వెలిశాక

అబిడ్స్‌లో నేను డిజైన్ చేసిన డాబా తోట నుంచి ఇవాళ నీళ్లు కారాయి. సరిగ్గా కింది గదిలో కిరాయికుండే రాజమ్మ ఇంట్లోకి.

ఆవిడ డాబా మీద గోంగూర, పుదీనా పెంచుకున్న పెయింటు డబ్బాలను "చూడ్డానికి బాగోవు" అని తీయించింది నేనే. ఒక్కో డబ్బా కింద రెండేసి ఇటుకలుండేవి. అవీ పారేయించాను. నా పొడవాటి తొట్లన్నీ నేలకు ఆనించి వరసగా పెట్టించాను. ఫొటోల్లో ఎంత బాగున్నాయో! తూము వైపు పోవాల్సిన వాననీళ్లకు అవే అడ్డుకట్టయ్యాయి.

నీళ్లెందుకు కారాయని ఇంటి ఓనర్ అడిగితే "పాత స్లాబు కదా సార్" అనేశాను. పక్కనే రాజమ్మ నేల తుడుస్తోంది. ఆయన వెళ్లాక గుడ్డ పిండుతూ నాతో అంది.

"ఇటుకలు నేను ఊకెనే పెట్టిననా బిడ్డా? కింద నుంచి నీళ్లు పోవాలె గద."

"ముందే చెప్పాల్సిందమ్మా" అన్నాను. నా నోట ఆ మాట ఎలా వచ్చిందో!

"నువ్వు అడిగినవా?"

తల తిప్పుకున్నాను. మూలన బియ్యం బస్తా తడవకుండా ఎత్తు మీద ఉంది. దాని కింద, నేను పారేయించిన ఇటుకలు.

తప్పు నా తొట్లదేనని చెప్పడానికి ఓనర్‌కి ఇంకా ఫోన్ చేయలేదు.