ఐసుపెట్టె రేకు బల్ల

శనివారం

బల్ల ఇవాళ పూర్తయింది. కాళ్లు పాత పడవ చెక్కవి. పైన పరిచింది రేపల్లె చేపల మార్కెట్లో పారేసిన ఐసుపెట్టె స్టీలు రేకు. చెయ్యి కోసుకోకుండా అంచులు మడిచి ఆకురాయితో అరగదీశాను. వంక పెట్టడానికి లేదు.

మోకాళ్లు అరిగాయి, ఇక కింద కూర్చోవద్దని బాపట్ల డాక్టరు గారు మా ఆవిడకి చెప్పారు. నిలబడి చేపలు కోసుకుంటుందని ఆమె నడుమెత్తు కొలిచి మరీ చేశాను.

చూసి నవ్వింది. "కాలితో తొక్కిపట్టకపోతే కత్తిపీట ఆగుద్దా అయ్యా?"

ఆ సంగతి నాకు తట్టనేలేదు. నా భుజం పట్టుకుని బల్లెక్కింది. కత్తిపీట ముందేసుకుని, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఇంత పెద్ద పండుగప్ప చేపని ముక్కలు చేసింది.

ఆ మోకాళ్లకి ఇంకేం చెయ్యాలో...

బల్ల మాత్రం ఇసుమంత కూడా ఊగలేదు.