మస్కట్ ధరలు, మూడు కత్తెర్లు

మస్కట్,
శుక్రవారం, సెలవు పూట.

మా సరోజక్క పాదాలకు, నీ తమ్ముడు దాము సముద్రానికి ఈవలి ఒడ్డునుంచి వంగి నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ నేను, కస్తూరి, చిన్నోడు ముగ్గురం బాగున్నాం. నీ మోకాలి నొప్పి, బావ కోపం, ఈ రెంటిలో ఏది ముందు తగ్గినా వెంటనే తెలియజేయాలి.

ఈ ఉత్తరం తెచ్చిన పెద్దమనిషి మునుసామి. తిరువళ్ళూరు ఆయన, ఇక్కడ కరెంటు పని. నేను కాపురం పెట్టకముందు రెండేళ్ళు ఆరుగురం ఒకే గదిలో పడుకునేవాళ్ళం, ఆయనది నా పక్క మంచం. ముందు ఆయనకు మజ్జిగ ఇచ్చి తర్వాత చదువు. చాలా పెద్ద ఉత్తరం.

నీ జాబు అందింది. చిన్నోడికి మూడో ఏడు దాటకముందే తిరుత్తణి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించాలని, అందుకు ఆడికృత్తిక పండక్కి రమ్మని రాశావు. ఎటూ వచ్చినవాళ్ళు కదా, తల్లీబిడ్డలను ఆర్.కె.పేటలో మీ ఇంట్లోనే దించి, నన్ను ఒంటిగా తిరిగి పొమ్మన్నావు. మళ్ళీ ఆ గదిలో ఉంటే రెండేళ్ళలో మీ చెరకు మడి పక్క ఎకరా నాదవుతుందన్నావు. అక్కా, నన్ను బీకాం చదివించిన దానివి కాబట్టి ఒప్పుకుంటున్నాను, నీ లెక్కలో ఒక్క తప్పు లేదు.

ఆ గదిలో నాది ఆరోవంతు అద్దె, ఆరోవంతు చారు. ఇప్పుడు అద్దె సగం జీతాన్ని తింటుంది, మిగతా సగాన్ని మేం తింటాం. వాడుకునే నీళ్ళు కూడా లారీలో వస్తాయి, వాటికీ డబ్బే. చిన్నోడి పాలడబ్బా కొన్న వారం నేను ఆఫీసుకు నడిచి పోతాను. వ్యాయామం అని అందరికీ చెప్పుకున్నాను.

కస్తూరి వచ్చిన కొత్తలో ఇంకా కష్టంగా ఉండేది. మలయాళీ అంగట్లో ఒక ములక్కాడ పట్టుకుని, దాని ధరను ఇరవైతో గుణించి రూపాయలు చేసి, చెడిపోయిన చుట్టాన్ని చూసినట్టు చూసి, మళ్ళీ బుట్టలో పెట్టేసేది. ఆ డబ్బుకు మన సంతలో చెట్టే ఇస్తారంటుంది. నేను వంకాయను గుణించేవాణ్ణి. అట్లా గుణించుకుంటూ నెల రోజులు ఉల్లిపాయ పులుసు తాగాం. చివరికి మీ ఆడబిడ్డే ఒక చట్టం చేసింది. గుణకారం ఇంటికి డబ్బు పంపే రోజు మాత్రమే. మిగతా రోజుల్లో రూపాయి అన్నవాళ్ళు అంట్లు తోమాలి. అప్పటినుంచి కూరలు తింటున్నాం, అంట్లు నేను తోముతున్నాను.

ఇంతలో ఎండలు ముదిరి చిన్నోడి తలనిండా సెగ్గడ్డలు లేచాయి. జుట్టు తీసేయమని డాక్టరు గట్టిగా చెప్పాడు. కస్తూరి ఒప్పుకోలేదు. జుట్టు కొండమీది స్వామిది, మొదటి మూడు కత్తెర్లు మేనమామవి, అంటే తన అన్న అయిన మన బావవి, మధ్యలో డాక్టరెవరని అడిగింది. సరిగ్గా అప్పుడే నీ జాబు వచ్చింది.

కంపెనీ రెండేళ్ళకొకసారి నా ఒక్కడికే టిక్కెట్ ఇస్తుంది. పెళ్ళాం బిడ్డలు నా సొంత సరదా అని వాళ్ళ అభిప్రాయం. వాళ్ళిద్దరికి పోను టిక్కెట్లు ఎట్లో కొనగలను, రాను టిక్కెట్లు కొనలేను. కొండకు పోవడమంటే ఇక అక్కడే ఉండిపోవడమే. బాగా ఆలోచించి, ప్రభుత్వ ఉత్తర్వు చదివినట్టు నిలబడి, మీరిద్దరూ ఊరికి పొండి అని కస్తూరికి చదివి వినిపించాను.

ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే అంది: "నువ్వు ఆ రూములో ఉన్నెప్పుడు రాసిన జాబులన్నీ నా పెట్టెలో ఉండాయి. అన్నిట్లోనూ చారు సంగతే. మళ్ళా రెండేండ్లు ఆ చారు సదివే ఓపిక నాకు లేదు. పొమ్మంటే పోతా. జాబు మాత్రం రాయొద్దు."

అక్కా, కాలేజీ వక్తృత్వ పోటీలో బహుమతి కొట్టినవాణ్ణి, చీపురు తీసుకుని ఇల్లు ఊడ్చాను.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మునుసామి భోజనానికి వచ్చాడు. ఐదేళ్ళుగా గదిలోనే ఉన్నాడు. ఊళ్ళో మిద్దె కట్టాడు, బావి తవ్వించాడు. జాబులు రాయడం చేతకాక, మాటలు కేసెట్లో పట్టి ఇంటికి పంపుతాడు. చిన్నోణ్ణి ఒళ్ళో పెట్టుకుని పప్పన్నం కలుపుతూ నవ్వుతూనే చెప్పాడు: "నా కూతుర్ని అప్పా యాడ అంటే టేప్ రికార్డర్ను చూపిస్తాదంట, తంబీ."

మేం నవ్వాం.

"పోయినతూరి లీవులో పొయినాను గదా. పక్కన కూసోని మాట్లాడతా ఉండాను. పాప లేసి పొయి, ఆ టేప్ రికార్డర్ బటన్ నొక్కింది. నన్ను ఆపేదానికి."

ఆయన మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టాడు. కస్తూరి లేచి నెయ్యి వడ్డించి, ఆయనతో అంది: "అన్నా, మా అన్న ఇప్పుడు రాలేడు. ఆ జాగాలో నువ్వు కూసో. మూడు కత్తెర్లు వెయ్యి."

మునుసామికి అది మామూలు మాట కాలేదు. మర్నాడు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, కొత్త పంచతో వచ్చాడు. మేనమామ పెట్టే సీరు అంటూ చిన్నోడికి చొక్కా, నిక్కరు, వెండి మొలతాడు తెచ్చాడు. వద్దంటే కోపం చేశాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేశాడు. మిగతాది మంగలి చూసుకున్నాడు. చిన్నోడు ఏడవలేదు, మంగలిని కరిచాడు. గడ్డలు మానిపోతున్నాయి.

ఆ వెంట్రుకలు పసుపు గుడ్డలో కట్టి మునుసామి చేతికిచ్చాం. ఆడికృత్తికకు బావ కొండెక్కి స్వామి ముందు పెట్టి, కంపెనీ టిక్కెట్లు ఇవ్వని సంగతి కూడా విన్నవించాలి. బావా, నీ స్థానం ఎవరూ తీసుకోలేదు, ఒక పూట అద్దెకిచ్చాం. చెవులు కుట్టించేది మాత్రం నీ ఒళ్ళోనే. కానీ వెండి మొలతాడు మీద ఎంత పెట్టాలో ఇప్పటినుంచే ఆలోచించుకో.

అక్కా, ఇంకో మాట. మునుసామి సెలవు నెల్లాళ్ళే. మీరు కొండకు పోయేటప్పుడు ఆయన్ను, ఇల్లాలిని, పాపను కూడా పిలుచుకుని పొండి. బావ ముందు నడవాలి, నువ్వు ఆ ఇల్లాలితో మాట్లాడుతూ వెనకబడాలి. మెట్లు చాలానే ఉన్నాయి. పాప అలిసిపోతే మీరెవరూ ఎత్తుకోవద్దు.

మనిద్దరి అత్తగారికి నా దండాలు, పిల్లలకు ముద్దులు. కస్తూరి గోంగూర ఊరగాయ అడుగుతోంది, మునుసామి తిరిగి వచ్చేటప్పుడు పంపు. మేం బాగున్నాం, నిజంగా బాగున్నాం, మా గురించి దిగులు పెట్టుకోవద్దు.

చెరకు మడి పక్క ఎకరా అమ్మే ఆసామికి నా కోసం ఆగొద్దని చెప్పెయ్. ఎందుకని అడిగితే, మా తమ్ముడు సంసారం చేస్తున్నాడు, చేతిలో డబ్బు లేదని చెప్పు.

మీ అందరి దీవెన కోరుతూ, అంట్లు తోమడానికి లేస్తున్న
నీ తమ్ముడు,
దాము