రెండు సుళ్ళు

బందరు, 1998 శ్రావణం, ఆదివారం.

తమ్ముడి తలలో రెండు సుళ్ళు. రెండు సుళ్ళుంటే రెండు పెళ్ళిళ్ళంటారని అమ్మకి భయం. గుడివాడ పెళ్ళిచూపులకి బయల్దేరేముందు వాడి తలకి కొబ్బరినూనె పట్టించి సుళ్ళు కనపడకుండా దువ్వుతూనే ఉంది.

"పోదమ్మా, పక్కకి జరుగుతుందంతే," అన్నాను. నిన్న కాలేజీలో లిక్విడ్ క్రిస్టల్స్ పాఠంలో పిల్లలకి నేను చెప్పిందీ ఇదే. అణువులన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపు తిరిగి ఉంటాయి. మధ్యలో ఎక్కడైనా సుడి పడిందంటే, చుట్టుపక్కల ఎంత సర్దినా అది చోటు మారుతుందే గానీ మాయం కాదు. అమ్మ వింటేనా!

అక్కడ వాడు వంగి దణ్ణం పెట్టగానే అమ్మాయి నాయనమ్మ వాడి తల నిమురుతూ ఆగిపోయింది. "అబ్బాయికి రెండు సుళ్ళున్నాయే!"

అమ్మ గబగబా వాడి జుట్టు సర్దింది. నేను అణువుల సంగతి ఎత్తబోతుంటే, ఆ అమ్మాయి కాఫీ గ్లాసులు కింద పెట్టి, "నాకూ రెండేనండీ. జడలో కనపడవు," అంది.

తిరుగు బస్సులో అమ్మ పెడన దాటాక నెమ్మదిగా అడిగింది.

"ఇద్దరికీ రెండేసి కదా... వీళ్ళిద్దరికే రెండుసార్లు చేసేస్తే?"