అభ్యంతరం ఉన్నవాళ్లు

అన్నయ్యా, వందనాలు.

ఫోన్‌లో చెబితే సగంలోనే అరుస్తావని, రాసి నీ కూర డబ్బాతో పంపుతున్నాను.

నేనూ కాలేబూ నీకు చెప్పకుండా వచ్చే శుక్రవారం సాయంత్రం పెళ్లి చేసుకుందామనుకున్నాం. హమద్ టౌన్ దాటాక ఎడారిలో చెరువు ఉంది చూడు, సంఘం పిక్నిక్‌లో ఇసుక మధ్య అన్ని నీళ్లు చూసి నువ్వు స్తోత్రగీతం ఎత్తుకున్నావే, అక్కడే. మా మేడం సెలవిచ్చింది. బిర్యానీ హూరాలో హోటల్‌కి చెప్పాం.

సంఘంలో మూడు వారాలు పెళ్లి ప్రకటన చేయించలేదు. చేయిస్తే అభ్యంతరమంటూ మొదట లేచేది నువ్వే. ప్రభువులో అందరం ఒక్కటేనని ప్రతి శుక్రవారం ప్రార్థన చేసేదీ నువ్వే, కాలేబుది మన ఊళ్లో అవతలి పేటని పిల్లనిచ్చేది లేదన్నదీ నువ్వే.

అయినా ఎవరికైనా అభ్యంతరం ఉందా అని చెరువు గట్టునైనా అడగాల్సిందేనట. పాస్టరుగారు ఆ మాట మీదే ఉన్నారు.

కాలేబు తరఫున హిద్ షిప్‌యార్డు నుంచి వ్యాను నిండా వస్తున్నారు. నా తరఫున ఈ గల్ఫ్ దేశంలో నువ్వొక్కడివే. నువ్వు వచ్చేదాకా ఆ ప్రశ్న అడగొద్దని పాస్టరుగారికి చెప్పాను.

అభ్యంతరం చెప్పడానికైనా రా.

నీ చెల్లి