బియ్యం డబ్బా అడుగు

ప్రత్తిపాడు,
8 మార్చి 2025, శనివారం.

అమ్మకి,

ఎలీషా వందనాలు. దేవుడి దయవల్ల నాన్నా నేనూ ప్రాణాలతో ఉన్నాం. క్షేమంగా ఉన్నామని రాస్తే మాత్రం అబద్ధమవుతుంది. మహిమక్క ఎలా ఉంది? కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పిందంట కదా.

ఫోనుండగా ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్ చేస్తే అక్క స్పీకర్ పెడుతుంది. బావా, వాళ్ళమ్మా చుట్టూ చేరతారు. మన వంటింట్లో ఏముందో, ఏం లేదో సింగరాయకొండ మొత్తానికి తెలియాలా? అందుకే లారీ మీద అటు వస్తున్న ప్రసన్నకుమార్ చేతికిచ్చి పంపిస్తున్నా.

విషయం ఏంటంటే, ఏడాది సరుకు వేయటం నా వల్ల కాదు. నువ్వొక్క వారం వచ్చి వెళ్ళు.

ఇప్పుడైతే చవక, ఎండ కూడా ఉంటుంది, వానల్లోపు మిరపకాయలూ చింతపండూ కందిపప్పూ ఇంట్లో పడాలి అన్నావు. కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోసేవాడికి మిరపకాయలు కొనటం ఒక లెక్కా అనుకున్నా. మేస్త్రీ జయరావుని బతిమాలి తేజ కాయలు చవగ్గా తెచ్చా. తొడిమలు తీసి, ఎండబెట్టి, మిల్లులో ఆడించుకొచ్చా. తీరా చూస్తే అది కారం కాదమ్మా, నిప్పు. పక్కింటి సాజిదా పిన్ని గోడ మీంచి చూసి, ఒరేయ్ ఎలీషా, అచ్చం తేజతో ఏడాది కారం కొట్టించిన మొనగాడివి నువ్వేరా, ఘాటు తగ్గటానికి రంగుకాయ కలపాలని కూడా తెలీదంట్రా అని వీధంతా వినేట్టు నవ్వింది. మిరపకాయల మధ్యే పుట్టి పెరిగాను, ఈ ముక్క నాకు ముందు చెప్పినవాళ్ళు లేరు!

ఇక చింతపండు. బడిలో కుదురుగా కూర్చోలేక తొమ్మిదిలోనే లేచొచ్చినవాణ్ణి చింతపండు గింజలు తీయమంటావా? పురుగు పట్టకుండా కందిపప్పుకి ఆముదం పట్టించమన్నావు గానీ, ఎంతో చెప్పలేదు. పప్పు ఉడికిన రోజు ఇల్లంతా బాలింత గది వాసన. అదే అంటే నాన్న, ముందే అలవాటు చేసుకోరా, మనవడొస్తున్నాడుగా అన్నాడు.

ఆయనతో వేగటం ఇంకో పని. నూనె తెమ్మంటే, ఈ ఏడు మన పత్తికి రేటే లేదు, నూనె దేనికిరా, నీళ్ళతో వేయించు అంటాడు. తెల్లారేసరికి ఎండుచేపలు పట్టుకొస్తాడు. వాటిని నీళ్ళలో వేయించాలా అంటే తువ్వాలు దులుపుకుని బయటికి పోతాడు.

వీటన్నిటికీ ఓర్చుకున్నా. బియ్యం దగ్గర మాత్రం పిచ్చెక్కుతోంది. నువ్వున్నప్పుడు ఎసరు పెట్టేముందు గుడికని గుప్పెడు తీసిపెట్టేదానివి. ఆ గుప్పెళ్ళతోనే మీ పాస్టరు అయ్యగారి పొట్ట పెరిగిందని నాన్న ఎగతాళి చేసేవాడు. ఇప్పుడు ఆ గుప్పెడూ లేదు, తినే మనిషివి నువ్వూ లేవు. అయినా నెలాఖరు రాకముందే డబ్బా అడుగు కనపడుతోంది. ఎలుకలేమోనని బోను పెట్టా. బోనులో ఎలుక పడలేదు, నా వేలు పడింది. నాన్న నీకేమన్నా అప్పిచ్చాడా అని సాజిదా పిన్నిని అడిగితే, మీ రేషన్ బియ్యం వేస్తే మా కోళ్ళే మొహం తిప్పుకుంటాయిరా అంది. నాన్నని అడిగితే, నీ తిండి నువ్వు చూసుకున్నావంట్రా అని నా మీదే పడ్డాడు.

రా అమ్మా. ఒక్క వారం. అక్కని వాళ్ళత్త చూసుకుంటుందిలే.

ఇట్లు,
విసిగి వేసారిన నీ కొడుకు
ఎలీషా

తా.క.: ఆదివారం. కవరు అంటించలేదు కాబట్టి కింద ఇంత రాస్తున్నా.

పొద్దున్నే వంటింట్లో చప్పుడైతే లేచా. నాన్న బియ్యం కొలిచి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గుప్పెడు తీసి తలుపెనక వేలాడే నీ గుడి సంచిలో పోశాడు. నాన్నా అన్నా. ఉలిక్కిపడ్డాడు. నీకు నమ్మకం ఎప్పుడొచ్చిందంటే, నాకేం రాలేదురా, మీ అమ్మ ఊళ్ళో లేదని దేవుడి గుప్పెడు ఆగుద్దేంటి, అమ్మాయి మంచం మీదుంటే అన్నాడు. నువ్వెళ్ళిన రోజు నుంచీ పూటపూటకీ వేస్తున్నాడంట. గుడికి తీసుకుపోవటానికి మొహం చెల్లక సంచి నిండిపోయింది.

నన్నే గుడికి మోసుకుపొమ్మన్నాడు. అయ్యగారు నీ పేరు మీదే, దేవకుమారమ్మ ఇంటి బియ్యం అని చదివి, అక్క కోసం ప్రార్థన చేశారు. వెనక్కి తిరిగి చూస్తే నాన్న గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చెప్పానని ఆయనతో అనమాక.

పైన రాసింది మళ్ళీ మార్చి రాసే ఓపిక లేదు. నువ్వు మాత్రం రామాక. అక్క పక్కనే ఉండు.

ఈ పూట వంట నాది. గుప్పెడు తీశా. నా చెయ్యి నాన్న చెయ్యి కంటే పెద్దది. బియ్యం ఈ నెల కూడా చాలవు.